మీకెన్ని మిరపకాయలు?

వంట నుంచి ఐదు రోజులు తప్పించుకుందామని విమానం ఎక్కిన మనిషి, అక్కడికెళ్లి వంట క్లాసులో చేరిందంటే మీరు నవ్వరూ? నేనూ నవ్వుకున్నాను. పొద్దున్న కాఫీ డికాషన్ దగ్గర్నుంచి రాత్రి పాలు తోడు పెట్టేదాకా 24 ఏళ్లుగా పొయ్యి దగ్గరే ఉన్నదాన్ని. దాని మొహం చూడకుండా ఐదు రోజులు గడుస్తాయి కదా అనుకుంటే, కాలు పెట్టిన చోట కూడా పొయ్యే ఎదురొచ్చింది!

అసలు సంగతి చెప్తాను. 2024 జనవరిలో మా అమ్మాయి తన జీతంలో దాచుకున్న డబ్బులతో మమ్మల్నిద్దర్నీ థాయ్‌లాండ్ తీసుకెళ్లింది. మా అత్తయ్యగారిని ఆడపడుచు ఇంట్లో దింపి బయల్దేరాం. బ్యాంకాక్‌లో రెండు రోజులు, చియాంగ్ మాయ్‌లో మూడు రోజులు. ఈ చియాంగ్ మాయ్ బ్యాంకాక్‌కి ఉత్తరాన దాదాపు 700 కిలోమీటర్ల దూరంలో, కొండల మధ్య ఉంటుంది. 1296లో మంగ్రాయ్ అనే రాజు కట్టించిన ఊరు. పాత ఊరి చుట్టూ నలుచదరంగా తవ్విన కందకంలో ఇప్పటికీ నీళ్లున్నాయి.

ఆ ఊళ్లో పైదేశాల వాళ్లకి ఒక్క రోజులో థాయ్ వంట నేర్పే బళ్లు చాలా ఉన్నాయి. మా అమ్మాయి సరదాపడి తనకోసం ఒక క్లాసుకి ముందే డబ్బు కట్టేసింది. తీరా ముందు రోజు రాత్రి ఏం పడలేదో ఏమో, దానికి ఒకటే కడుపునొప్పి, వాంతులు. తెల్లారేసరికి తగ్గింది గానీ లేచే ఓపిక లేదు.

"అమ్మా, కట్టిన డబ్బు వెనక్కి రాదు. నువ్వెళ్లు" అంది.

"నేనా? ఇంగ్లీషులో మాట్లాడాలి కదే!" అన్నాను. నాది ఇంటరుతో ఆగిపోయిన ఇంగ్లీషు. చదివితే అర్థమవుతుంది, నోరు విప్పితే మాత్రం రాదు.

"వెళ్లిరా. నేర్చుకునేదేముంది, నువ్వే వాళ్లకి గోంగూర పచ్చడి నేర్పి రా" అని నవ్వారు మావారు, అమ్మాయికి తోడుగా హోటల్లో ఉండిపోతూ.

తొమ్మిదింటికి బండి వచ్చింది. మన ట్రాలీ ఆటో కంటే కాస్త పెద్దది, వెనక రెండు వరసల బల్లలు ఎదురెదురుగా ఉంటాయి. వాళ్ల భాషలో సాంగ్‌థావ్ అంటే రెండు వరసలు అనే అర్థమట. అందులో అప్పటికే ఇద్దరు జర్మనీ ఆడపిల్లలు, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ముసలి దంపతులు, ఒక కొరియా కుర్రాడు ఉన్నారు. చీరలో నేనొక్కదాన్నే. పెళ్లైన ఇన్నేళ్లలో మావారో, అమ్మాయో పక్కన లేకుండా ముక్కూ మొహం తెలియని వాళ్ల మధ్య కూర్చోవడం అదే మొదలు. చేతిసంచి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

మా పంతులమ్మకి ముప్ఫై ఏళ్లుంటాయేమో. నన్ను చూడగానే రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టింది. పెద్దవాళ్లని 'పీ' అని, చిన్నవాళ్లని 'నోంగ్' అని పిలవడం వాళ్ల అలవాటు. అక్కయినా అన్నయినా పీయే, తమ్ముడైనా చెల్లెలైనా నోంగే. పంతులమ్మయి ఉండి నన్ను 'పీ' అని పిలిచింది! ఆమె ఇంగ్లీషు కూడా నా ఇంగ్లీషు లాంటిదే అని రెండు మాటల్లో తెలిసిపోయింది. చెప్పొద్దూ, నా ప్రాణం లేచొచ్చింది.

ముందు మార్కెట్టుకి తీసుకెళ్లింది. అక్కడ చూడాలి నా సంబరం! అది పైదేశమా, మన రైతుబజారా అనిపించింది. కొబ్బరికాయలు, చింతపండు, పచ్చి బొప్పాయిలు, అలసంద కాయలు, గుత్తులు గుత్తులుగా ఉస్తికాయలు. అల్లంలా ఉండే ఒక దుంప తీసి అందరికీ వాసన చూపించింది. వాళ్లు 'ఖా' అంటారట. చూస్తే మన దుంపరాష్ట్రం! మనం పచారీ కొట్లో ఎండుది కొని కషాయంలో వేసుకుంటాం, వాళ్లు పచ్చిది కూరల్లో వేస్తారు. కొత్తిమీర కట్టల్ని మట్టి కడిగి వేళ్లతో సహా అమ్ముతున్నారు. మనం గిల్లి పారేసే ఆ వేళ్లనే వాళ్లు వెల్లుల్లితో కలిపి నూరి కూర ముద్దలో వాడతారు. వేళ్లలో ఆకు కంటే ఘాటు ఎక్కువ. ఇన్నేళ్లూ ఎన్ని కట్టల వేళ్లు చెత్తబుట్టలో పడేశానో!

ఇంకో ఆకు కట్ట తీసి ముక్కు దగ్గర పెట్టింది. కళ్లు మూసుకున్నా చెప్పగలను, తులసి! దాన్ని మిరపకాయలు, వెల్లుల్లితో కలిపి మాంసంలో వేయిస్తారట. నాకు చెయ్యి ముందుకి రాలేదు. "మేం దీనికి కోట కట్టి పూజ చేస్తాం" అని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆమె నవ్వలేదు, వాదించలేదు. "సరే పీ, మీకు వేరేది చేద్దాం" అని ఇంకో ఆకు తీసింది. ఊదా రంగు కాడలు, సోంపు వాసన. మన సబ్జా గింజల మొక్క జాతిదే అది. ఎంత తేలిగ్గా తేల్చేసిందో!

తర్వాత ఊరి బయట వాళ్ల వంటశాలకి వెళ్లాం. చుట్టూ పెరడు, పైన రేకులు. మనిషికొక గ్యాసు పొయ్యి, మనిషికొక బాణలి, మనిషికొక చెక్క పీట, కత్తి. నా పొయ్యి ముందు నిలబడి ఒక్క క్షణం అటూ ఇటూ చూశాను. మా వంటింట్లో పొయ్యి నాదే కదా అంటారా? వండేది నేనే గానీ ఆ పొయ్యి మీద ఏం ఉడకాలో, ఎంత ఉప్పు పడాలో ఏనాడో తీర్మానమైపోయింది. దానిగురించి తర్వాత చెప్తాను.

నేను శాకాహారినని ముందే చెప్పాను. థాయ్ వంటలో ఉప్పుదనమంతా దాదాపు చేపల సాసుతోనే వస్తుంది. నూరే ముద్దల్లో రొయ్యల ముద్ద కూడా పడుతుంది. నాకు వాటి బదులు సోయా సాసు, ఉప్పు ఇచ్చింది. మాంసం బదులు సోయా పనీరు, పుట్టగొడుగులు. ఎవరికేం కావాలో ఎవరి పళ్లెంలో అది.

మొదట పచ్చ కూరకి ముద్ద నూరాలి. పచ్చి మిరపకాయలు, వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు, దుంపరాష్ట్రం, నిమ్మగడ్డి, కొత్తిమీర వేళ్లు, ధనియాలు, జీలకర్ర, తెల్ల మిరియాలు వేసి రాతి రోట్లో దంచమంది. జర్మనీ పిల్లలు ఐదు నిమిషాలకే చేతులు దులిపేసుకున్నారు. కొరియా కుర్రాడికి ముద్ద కంటే చొక్కా మీద పడిందే ఎక్కువ. నా చేతికి పాత లయ తనంతట తనే వచ్చేసింది. ఆ పిల్ల దగ్గరకొచ్చి విని, "మా దగ్గర ఒక మాట ఉంది పీ. వెనకటి రోజుల్లో పెళ్లిచూపులకి వచ్చిన అత్తగారు రోటి చప్పుడు విని పిల్ల పనిమంతురాలో కాదో చెప్పేదట" అంది. "అత్తగార్లు అన్నిచోట్లా ఒకటే" అన్నాను. అంతా ఘొల్లుమన్నారు. ఇంగ్లీషులో నేను వేసిన మొదటి హాస్యం అది!

ఆ ముద్దని చిక్కటి కొబ్బరిపాలలో నూనె తేలేదాకా వేయించి, తర్వాత పలచటి పాలు పోసి, కూరముక్కలు వేసి ఉడికించాలి. చివర్లో అరచెంచా తాటిబెల్లం వేయమంది. కూరలో బెల్లం! నా చెయ్యి ఆగిపోయింది. ఇప్పుడు ఇందాక ఆపిన సంగతి చెప్పాలి.

నేను పుట్టింది కోనసీమలో. ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లు. మా అమ్మ ఏ పులుసు పెట్టినా దించే ముందు గోలీకాయంత బెల్లం వేసేది. నన్నిచ్చింది గుంటూరు. మీకు తెలిసిందే, మిరపకాయల రాజధాని. కాపురానికొచ్చిన నెలలోనే ఆనపకాయ పులుసు పెట్టాను. వాళ్లు సొరకాయ అంటారు, ఆ మాట దగ్గరే ఒకసారి నవ్వులయ్యాయి. మా మావగారు రెండు ముద్దలు తిని, "ఇది పులుసా అమ్మా, పానకమా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయనేమీ చెడ్డ మనిషి కాదు, ఉన్నమాట అన్నారు. ఆ రోజు నుంచి పులుసుకి బెల్లం డబ్బా దించలేదు. కారం ఇంత, చింతపండు ఇంత అని అత్తయ్యగారు చూపించిన కొలతే నా కొలతైంది. మావగారు పోయి ఆరేళ్లైనా కొలత మారలేదు. కొన్నాళ్లకి నాకు ఏ రుచి ఇష్టమో నేనే మరచిపోయాను.

మీలో ఎందరికో ఇది కొత్త కాదు. ఆయనకి కారం తగ్గకూడదు, పిల్లకి ఉల్లిపాయ కనబడకూడదు, పెద్దావిడకి ముక్క మెత్తగా ఉడకాలి. అందరి లెక్కా మన నాలుక మీద ఉంటుంది. అందులో మన లెక్క ఏదీ?

కూర అయ్యాక 'సోమ్ తమ్' చేయించింది. పచ్చి బొప్పాయి తురుముతో దంచి చేసే పులుపు సలాడు అది. దీనికి మట్టి రోలు, చెక్క రోకలి. వెల్లుల్లి, మిరపకాయలు ముందు నలగ్గొట్టాలి. వాళ్ల చిట్టి మిరపకాయల పేరుకి అర్థం తెలుసా? ఎలుక పెంటిక మిరపకాయలట! చూడ్డానికి అంతే ఉంటాయి, కారం మాత్రం నషాళానికి అంటుతుంది. మనకి లాగే వాళ్లకీ మిరప అమెరికా నుంచి పోర్చుగీసు వాళ్ల ఓడల వెంట వచ్చిందే. మిరియాలని వాళ్లు ఇప్పటికీ 'థాయ్ మిరప' అంటారు.

ఆ పిల్ల బుట్ట పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరకీ వచ్చి, "మీకెన్ని మిరపకాయలు?" అని అడుగుతోంది. సోమ్ తమ్ అమ్మే బండి దగ్గర కూడా ముందు అడిగేది అదేనట. జర్మనీ పిల్లలు ఒకటి, అర అన్నారు. నా దగ్గరకొచ్చింది.

"ఆరు" అన్నాను గుంటూరు పౌరుషంతో.

"ఇవి చాలా కారం పీ!"

"పర్వాలేదు. మావారికి అంత ఉండాలి."

ఆమె అటూ ఇటూ చూసి, "మీవారు రాలేదు కదా? ఇది తినేది మీరే. మీకెన్ని?" అంది.

నవ్వుతూనే అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. నిజంగానే నాకు తెలియలేదు. నలభై ఆరేళ్ల ఆడది, చేతిలో రోకలి పట్టుకుని, తనకెంత కారం కావాలో తెలియక నిలబడింది. మీరు నవ్వినా సరే, నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మిరపకాయల ఘాటు అనుకుందో ఏమో, ఆ పిల్ల గబగబా మంచినీళ్లు తెచ్చిచ్చింది.

"రెండు వేసి రుచి చూడండి. చాలకపోతే ఇంకోటి. ఎక్కువైతే బెల్లం, నిమ్మరసం. చూసుకుంటూ పోవడమే" అంది. థాయ్ వంటంతా అదేనట. ఉప్పు, పులుపు, తీపి, కారం నాలుగూ తూగాలి. ఆ తూకం ఎవరి నాలుక మీద వాళ్లు చూసుకోవాలి. నేను దేవుడికి నైవేద్యమని రుచి చూడకుండా వండే అలవాటున్నదాన్ని. చెంచా పట్టుకుని మూడుసార్లు రుచి చూశాను. రెండు మిరపకాయలు, నిమ్మరసం, ఆపైన నాకు కావలసినంత తాటిబెల్లం. అచ్చం మా అమ్మ పులుసు రుచి కాదు గానీ, దాని అక్కచెల్లెలి రుచి.

ఇంకో సంగతి. వండిన ప్రతి వంటా వెంటనే బల్ల దగ్గర కూర్చుని తినాలి, అదీ వేడివేడిగా. ఇంట్లో అందరికీ వడ్డించి, చల్లారాక మిగిలింది సర్దుకునే నేను, పొగలు కక్కే కూర ముందు అందరితో పాటు కూర్చున్నాను. చివర్లో కొబ్బరిపాలలో అరటిపండ్లు ఉడికించి తీపి చేశాం. ఆ వంట పేరుకి 'సన్యాసం పుచ్చుకున్న అరటిపండు' అని అర్థమట. అక్కడి సన్యాసినులు తెల్లబట్టలు కడతారు, తెల్లటి పాలలో అరటిపండూ అలాగే ఉందని. ఆ తీపిలోనూ చిటికెడు ఉప్పు వేయించింది.

సాయంత్రం ముగ్గురం హోటలు దగ్గరున్న శాకాహార దుకాణానికి వెళ్లాం. పసుపు గుడ్డ మీద ఎర్ర అక్షరం రాసి ఉంటే అక్కడ మాంసం, చేప, గుడ్డు ఉండవని గుర్తు. అమ్మాయికి జావ లాంటి అన్నం, మాకు నూడుల్సు. బల్ల మీద నాలుగు సీసాలున్నాయి. ఎండు కారం, పంచదార, మిరప ముక్కలు వేసిన వెనిగరు, సోయా సాసు. మామూలు దుకాణాల్లో అయితే ఈ చివరిదాని చోట చేపల సాసు ఉంటుంది. వండినావిడ వండి ఇచ్చేస్తుంది, ఎవరి గిన్నెలో వాళ్లు కలుపుకుంటారు. ఆవిడకి అది చిన్నతనం కాదు, తినేవాళ్లది తప్పూ కాదు. మావారు మూడు చెంచాల కారం కలుపుకున్నారు. నేను పంచదార వేసుకుంటే వింతగా చూశారు. "నాకిలాగే ఇష్టం" అన్నాను. అంతే, ఏ గొడవా జరగలేదు. ఇంత చిన్న మాట అనడానికి నేను సముద్రం దాటాలా చెప్పండి?

ఇంటికొచ్చిన వారం తర్వాత సొరకాయ పులుసు పెట్టాను. కారం తగ్గించి, బల్ల మీద నాలుగు చిన్న గిన్నెలు పెట్టాను. కారం, బెల్లం పొడి, నిమ్మచెక్కలు, ఉప్పు. "ఇదేంటి, మన ఇల్లు హోటలైందా?" అన్నారు మావారు. అంటూనే తన కారం తను వేసుకున్నారు.

మా అత్తయ్యగారికి 76 ఏళ్లు. ఆవిడేమంటారోనని నా గుండె దడదడలాడుతూనే ఉంది. "అత్తయ్యా, మీకు కారం ఎంత వెయ్యమంటారు?" అని అడిగాను. ఆవిడ గిన్నెల వంక కాసేపు చూశారు. కారం జోలికి పోలేదు. మెల్లిగా బెల్లం గిన్నె దగ్గరకి జరుపుకుని అరచెంచా పులుసులో కలుపుకున్నారు.

"నాకు మొదట్నుంచీ ఇలాగే ఇష్టం అమ్మాయ్. మీ మావగారికి పడేది కాదు" అన్నారు.

నా నోట మాట రాలేదు. నా రుచిని ఈవిడ కొలత మింగేసిందని ఇన్నేళ్లు మనసులో ఓ మూల పెట్టుకున్నాను. ఆ కొలత ఆవిడదీ కాదన్నమాట! సరే, ఆవిడ నన్నడగలేదు. మరి 24 ఏళ్లు రోజుకి రెండు పూటలా వడ్డించిన నేను ఆవిడనెప్పుడైనా అడిగానా? ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు మా బల్ల మీద ఆ నాలుగు గిన్నెలూ ఉంటున్నాయి. అమ్మాయి ఫోన్ చేస్తే ముందు "అన్నం తిన్నావా?" అంటాను. థాయ్ వాళ్లు కూడా కనబడగానే పలకరించేది ఆ మాటతోనేనట.

ఆ సలాడు మీరూ చేసుకోండి. కమ్మటి పచ్చి బొప్పాయి తురుము 2 కప్పులు చాలు. రోట్లో 2 వెల్లుల్లి రెబ్బలు, పచ్చిమిరపకాయలు నలగ్గొట్టండి. 4 అలసంద కాయలు అంగుళం ముక్కలు చేసి వేసి ఒక్క దెబ్బ వేయండి. చెంచాడు బెల్లం పొడి, 2 చెంచాల నిమ్మరసం, అరచెంచా ఉప్పు, ఉంటే చెంచాడు సోయా సాసు వేసి కలపండి. ఆపైన బొప్పాయి తురుము, ఒక టమాటా ముక్కలు వేసి, ఒక చేత్తో గరిటెతో తిరగేస్తూ రెండో చేత్తో మెల్లిగా దంచండి. ముద్ద కాకూడదు, కందితే చాలు. దించేముందు గుప్పెడు వేయించిన వేరుశెనగ గుళ్లు చల్లి, వెంటనే తినెయ్యండి, నిలవుంటే నీరు కారుతుంది.

మిరపకాయలు ఎన్నో రాయలేదేమిటి అంటారా? అది నేను చెప్పేది కాదు. ముందు మిమ్మల్ని మీరు అడగండి. తర్వాత ఇంట్లో పెద్దావిడని కూడా ఓ మాట అడగండి.